బుగ్గ సరిచేసిన గొట్టం

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కంప్యూటర్ తెర మీద రంగుల బొమ్మలు చూపిస్తారు. ఎర్రగా ఉన్నచోట లోహం ఎక్కువ సాగుతుందట, నీలంగా ఉన్నచోట భయం లేదట. బొమ్మలు బాగుంటాయి. మా కాలంలో గ్రాఫు కాగితం, స్లైడ్ రూలు తప్ప ఇంకేమీ లేవు కాబట్టి నాకు కొంచెం కుళ్లు కూడా పుడుతుంది. ఆ పిల్లల్ని నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఈ ముక్క ఇంతకుముందు ఎక్కడ పనిచేసింది?" చాలామంది తెల్లముఖం వేస్తారు. కొత్తదే అనుకుని లెక్క మొదలుపెట్టాం సార్ అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. బాగా వేడెక్కిన ఇనుము మీద ఒత్తిడి పడితే అది మెల్లగా సాగుతుంది. ఒత్తిడి తీసేసినా మళ్లీ వెనక్కి రాదు. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి, ఎన్నాళ్లలో ఎంత సాగుతుందో ముందే చెప్పగలిగే లెక్కలు కట్టడం నా పని. ప్రయోగశాలలో కడ్డీని రెండు కొసలా పట్టుకుని లాగితే లెక్క సులువే. నిజమైన బాయిలర్‌లో లోహాన్ని అలా ఒక్క దిక్కున ఎవరూ లాగరు. ఒక వైపు నొక్కుడు పడుతుంది, ఇంకో వైపు లాగుడు పడుతుంది, మధ్యలో వంగుతుంది. ఒకచోట ఎర్రగా కాలుతుంటే జానెడు దూరంలో నీళ్లు తగులుతుంటాయి. వీటన్నిటినీ ఒక సూత్రంలో ఇమిడ్చే ప్రయత్నంలోనే నా వయసంతా గడిచింది.

ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎలా వస్తాయో మీరు నాకంటే తొందరగా తెలుసుకుంటారు. ఒక గొట్టం గురించి, దాని ముందు నిలబడి పనిచేసిన మనిషి గురించి రాస్తాను.

బ్రహ్మయ్య కొలిమి

అరవై తొమ్మిదిలో నేను వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీ మూతపడింది. ఊరేగింపుల్లో తిరిగాను, వీపు మీద లాఠీ దెబ్బలు తిన్నాను. మా నాయిన వచ్చి, నోరెత్తకుండా బస్సెక్కించి, బచ్చన్నపేట దగ్గరున్న మా ఊరికి తీసుకుపోయాడు. ఇంట్లో ఉంటే ఆయన చూపు భరించడం కష్టం. అందుకని ఏదో పని చెప్పి జనగామ పోయేవాణ్ణి. అక్కడ కమ్మరి బ్రహ్మయ్య కొలిమి ముందు కూర్చుంటే పొద్దు గడిచిపోయేది. వరస ఏమీ లేకపోయినా ఆయన్ని మామా అనేవాణ్ణి.

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరుంది. పట్టాను నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తాడు. వేడికి అది పెద్దదవుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, గబగబా నీళ్లు పోస్తాడు. పట్టా బిగుసుకుని, చక్రం ఆకులన్నీ కిర్రుమంటూ దగ్గరపడతాయి. ఏళ్ల తరబడి రాళ్ల దారుల్లో దెబ్బలు తిని మొండికేసిన పాత పట్టాను కూడా ఆయన పారేసేవాడు కాదు. ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి, మళ్లీ మెత్తబరిచేవాడు.

"ఇనుముకు రోగమొస్తె మందు గీ మంటనే బిడ్డా," అనేవాడు. "ఒక్కపారి ఎర్రగ కాలిందంటె పాతదంత మర్శిపోతది. మళ్ల పుట్టినట్టే."

ఆ మాట తప్పు కాదు. చల్లగా ఉన్నప్పుడు దెబ్బలు తిన్న ఇనుము గట్టిపడి పెళుసెక్కుతుంది. కాలిస్తే ఆ పెళుసుతనం పోతుంది. కాలేజీ మళ్లీ తెరిచాక అదే సంగతి పాఠంలో వచ్చినప్పుడు, మా మామ చెప్పిందే కదా అని నాకు భలే సంబరమైంది. మంచి మాటే అయినా, అది చక్రాల పట్టాల వరకే చెల్లుతుందని పుస్తకంలోనూ రాయలేదు, బ్రహ్మయ్యా చెప్పలేదు.

విశ్వనాథం గారు

చదువయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో చేరాను. మా పై అధికారి విశ్వనాథం గారు కోస్తా నుంచి వచ్చినవాడు. చాలా తెలివైనవాడు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. తర్వాత రాసే ఓపిక నాకు ఉండకపోవచ్చు.

ఆయన సొంతంగా ఒక సూత్రం కట్టాడు. అన్ని దిక్కుల నుంచి పడే ఒత్తిళ్లనూ కలిపి ఒకే అంకె చేసి, ఆ అంకెను బట్టి లోహం ఎంత సాగుతుందో చెప్పేవాడు. ఎంత సాగుతుందనే దానికి ఆ సూత్రం చక్కగా పనిచేసేది. దానికి తోక లాంటి నియమం ఇంకొకటి ఉండేది. లోహాన్ని ఎర్రగా కాల్చి సరిచేస్తే, అంతకుముందు పడ్డ కష్టమంతా కొట్టేసి లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టాలి. జనగామలో కొలిమి ముందు విన్న మాటే ఇది. కాకపోతే ఇక్కడ గ్రీకు అక్షరాల్లో ఉంది.

పాత నమూనాలను సూక్ష్మదర్శిని కింద చూసే పని నాది. చూస్తూ చూస్తూ ఉంటే నాకు రెండు అనుమానాలు వచ్చాయి. లోహం లాగుడుకు సాగినప్పుడు లోపల రేణువుల మధ్య సన్నటి ఖాళీలు పడుతున్నాయి. నొక్కుడుకు పడటం లేదు. కానీ ఆయన సూత్రానికి లాగినా నొక్కినా ఒకటే అంకె వస్తుంది. రెండోది, ఒకసారి పడ్డ ఖాళీలు మళ్లీ కాల్చినా పూడటం లేదు. ఇక అక్కడ సున్నా ఎలా అవుతుంది?

ఆ రోజుల్లో మా ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. ఉద్యమం చల్లారినా మనుషులు చల్లారలేదు. టీ తాగడానికి అటువాళ్లు ఒక బల్ల దగ్గర, ఇటువాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. నేను "ఏంది సార్" అంటే, విశ్వనాథం గారు అందరి ముందూ "ఏంది కాదోయ్, ఏవిటి" అని దిద్దేవాడు. సినిమాలో మా యాస మాట్లాడే జోకరు గొంతును ఒకాయన అనుకరిస్తే అందరితో పాటు ఆయనా నవ్వేవాడు.

నా అనుమానాలు రెండూ సమావేశంలో మర్యాదగానే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడు యాదగిరీ, బయట గొడవ సద్దుమణిగింది. ఇక్కడ మళ్లీ మొదలెట్టకు," అన్నాడు.

గదంతా నవ్వులు. నేను చెప్పింది ఇనుము గురించి. ఆయనకు వినపడింది స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ గొడవ గురించి. ఆ తర్వాత ఆ విషయం ఎప్పుడు ఎత్తినా, నా లెక్కను చూడకముందే నా ఊరు గుర్తుకొచ్చేది అందరికీ.

మానుకోట మిల్లు

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అక్కడి నుంచి గార్ల పోయే దారిలో ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఉండేది. రాంరెడ్డి పటేలు అనే ఆసామిది. వడ్లు ఉడికించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. ఆ బాయిలర్ ఒక పెద్ద నీళ్ల పీపా. దాని మధ్యలో మనిషి దూరేంత గొట్టం ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. గొట్టం లోపల ఊక మండుతుంది, బయట చుట్టూ నీళ్లు కాగుతుంటాయి. గొట్టం మూతి దగ్గర నిలబడి ఊక తోసే మనిషి పేరు భద్రు. దగ్గరి తండా మనిషి, నాకంటే పెద్దవాడు. అతని తమ్ముడు సోమ్లా ఊక గంపలు మోసేవాడు.

అక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ. గొట్టం మీద సున్నం పొర కట్టి, లోపలి వేడి చుట్టూ ఉన్న నీళ్లకు చేరలేదు. గొట్టం నడినెత్తి ఎర్రగా కాలింది. పైనున్న నీళ్ల ఒత్తిడికి అక్కడి రేకు మెత్తబడి, సాగి, మంటలోకి వేలాడింది. మిల్లు వాళ్లు దాన్ని బుగ్గ అంటారు. మామూలుగా గొట్టం మీద పడేది నొక్కుడే. బుగ్గ వేలాడాక మాత్రం ఆ చోట రేకు లాగుడులో పడింది.

కొత్త గొట్టం ఎవరూ వెయ్యరు. బుగ్గను సరిచేయడమే ఆ ప్రాంతం వాడుక. దానికి పేరున్న మనిషి జనగామ బ్రహ్మయ్య. ఎడ్లబండ్లు తగ్గుతున్న కొద్దీ ఆయన మిల్లు పనుల్లోకి వచ్చాడు. చల్లారిన గొట్టంలోకి దూరి, బుగ్గ కింద కొలిమి పెట్టి ఎర్రగా కాల్చి, జాకీతో పైకి నెట్టి, సుత్తితో సాపు చేస్తాడు. చెక్కతో కోసిన గుండ్రటి ఫర్మా లోపల తిప్పి చూస్తాడు. ఫర్మాకూ రేకుకూ మధ్య వెలుతురు దూరకపోతే పని అయినట్టే.

బుగ్గ ఎలా పడిందో చూసి రమ్మని ప్రయోగశాల నన్ను పంపింది. నేను పోయేసరికే పని అయిపోయింది. బ్రహ్మయ్య నన్ను చూసి సంతోషంతో లోపలికి పిలిచాడు.

"సూడు బిడ్డా, యాడన్న ఎలుతురు దూరుతదా?"

దూరలేదు. అంత నేర్పుగా చేసిన పని నేను మళ్లీ చూడలేదు. అయినా, నడినెత్తి మీద చిన్న ముక్క కోసి పరీక్షకు తీసుకుపోతానని అడిగాను.

"మంచిగైన దానికి బొక్క ఎందుకు సారూ?" అన్నాడు పటేలు.

బ్రహ్మయ్య ముఖం చిన్నబోయింది. "నా చెయ్యి మీద నమ్మకం లేదా?"

"చెయ్యి మీద ఉన్నది మామా. బండి పట్టా చల్లగున్నప్పుడు దెబ్బలు తిన్నది, దాన్ని కాలిస్తే బాగైతది. గిది వేడిల సాగింది. సాగినప్పుడే లోపట సన్న సందులు పడ్డయి. నువ్వు కాల్చి ఎత్తినా గవి అతకవు."

ఆయన రేకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు. "నీ సందులు నాకు కనవడ్తలేవు బిడ్డా," అన్నాడు.

బయటికి వచ్చాక భద్రు నన్ను ఊక కుప్ప చాటుకు తీసుకుపోయాడు.

"సారూ, పొద్దుమాపు నా మొఖం దాని నోట్లనే ఉంటది. ఒక్క మాట చెప్పు. ఉంటదా?"

"ఉండదనే అనుకుంట భద్రన్నా. మంట ఎలిగియ్యకు."

"ఎప్పుడు పోతది?"

"గది చెప్పలేను."

అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు. "ఎప్పుడో చెప్పకపోతివి. పటేలుకు నేనేమని చెప్పాలె? నేను ఎలిగియ్యకుంటె మా సోమ్లాగాన్ని నిలవెడ్తడు. వాడు పిలగాడు సారూ, మొన్ననే లగ్గమైంది."

బాయిలర్ల తనిఖీ అధికారికి చెప్పాను. ఆయన ఫర్మా తిప్పి చూశాడు, తలూపాడు. హైదరాబాద్ పోయి విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన నా ముందే లెక్క కట్టాడు. ఎర్రగా కాల్చి సరిచేశారు కాబట్టి మొదలు సున్నా. అన్ని ఒత్తిళ్లూ కలిపిన అంకె చిన్నది. గొట్టానికి ఇంకా చాలా ఆయుష్షు ఉందని తేలింది.

"నీ ఖాళీలు చూపించు, ఒప్పుకుంటాను," అన్నాడు.

చూపించాలంటే కోయాలి. కోయడానికి ఉత్తరువు ఇవ్వాల్సింది ఆయనే. అదే అడిగాను. బాగున్న బాయిలర్‌ను పాడుచేయడానికి ఉత్తరువు ఎలా ఇస్తానన్నాడు. మళ్లీ అడిగాను. ఆయన తర్వాతి కాగితం తీసుకున్నాడు.

ఆ కోతల కాలంలోనే, వడ్లు రాశులుగా వచ్చిపడుతున్న రోజుల్లో, ఒక పొద్దున నడినెత్తి చిరిగింది. ముందుగా చప్పుడూ లేదు, చెమ్మా లేదు. భద్రు గొట్టం మూతి దగ్గరే ఉన్నాడు. కాగే నీళ్లు, ఆవిరి, మండే ఊక ఒక్కసారిగా అతని మీదికి వచ్చాయి. గంప తేవడానికి పోయిన సోమ్లా తిరిగి వచ్చి అన్నను ట్రాక్టర్ మీద దవాఖానకు తీసుకుపోయాడు.

కబురందిన వెంటనే పోయాను. మంచం దగ్గర భద్రు భార్య మంగ్లి కూర్చుని ఉంది. నేనెవరో సోమ్లా చెప్పాడు. ఆమె ఏడవడం లేదు. నా వైపు తిరిగి అడిగింది.

"గుండ్రంగనే ఉండె గద సారూ? చెక్క వెట్టి చూపిచ్చిండ్రట. మా ఆయన సుత చూసిండట."

"గుండ్రంగనే ఉండె అక్కా," అన్నాను.

భద్రు ఆ దవాఖానలోనే చనిపోయాడు. నిజం తెలిసి కూడా, రుజువు లేక అది ఎవరికీ పనికిరాకపోవడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది.

ముక్క కోశాక

ఇప్పుడు ఉత్తరువు అడగకుండానే వచ్చింది. చిరుగు అంచు నుంచి ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఖాళీలు వరసలు కట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. బుగ్గ వేలాడిన రోజున పడినవే. బ్రహ్మయ్య మంట వాటిని పూడ్చలేదు, ఆయన సుత్తి పైపైన మూసిందంతే.

విశ్వనాథం గారు వచ్చి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"నువ్వు చెప్పిందే," అన్నాడు.

లేచి నల్లబల్ల దగ్గరికి పోయి సున్నా నియమాన్ని తుడిచేశాడు. దాని చోట కొత్త పదం ఒకటి రాశాడు. అది లాగుడుకు మాత్రమే పెరుగుతుంది, కాల్చినా సరిచేసినా తగ్గదు. సూత్రం బాగుపడింది. ఈనాటికీ దాని పిల్లలూ మనవలూ మీ కంప్యూటర్లలో తిరుగుతూనే ఉన్నాయి. సొంత లెక్కను సొంత చేత్తో తుడిచిన అధికారులు నాకు మళ్లీ తగల్లేదు. కాబట్టి ఆయన్ను పూర్తిగా తిట్టలేను. ఆ తర్వాత నా "ఏంది"ని కూడా ఎప్పుడూ దిద్దలేదు. నా యాస ఆయనకు నచ్చడానికి ఒక మనిషి కాలిపోవాల్సి వచ్చింది. అది మాత్రం నేను క్షమించలేదు.

ఆ ముక్క ఫొటో తీసుకుని జనగామ పోయాను. బ్రహ్మయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. నల్లటి చుక్కల మీద వేలు పెట్టి, "గివేనా?" అన్నాడు. అవునన్నాను.

"మంట మందనుకున్న బిడ్డా," అన్నాడు.

గోడకు వేలాడుతున్న ఫర్మా తీసి కొలిమిలో పెట్టాడు. ఆయన చనిపోయేదాకా మళ్లీ మిల్లు గడప తొక్కలేదు.

ఇద్దరూ చేసింది ఒకే తప్పు. ఒకాయన చేత్తో చేశాడు, ఒకాయన సూత్రంతో చేశాడు. ఆకారం సరిగ్గా వచ్చింది కాబట్టి లోహం సరిగ్గా ఉందనుకున్నారు. చదువు ఉందా లేదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదని మీరు గమనించాలి. మీరు కూడా తేలిగ్గా చేసే తప్పే ఇది. మీ తెరమీద నీలం రంగు చూసి చేస్తారు.

భూపాలపల్లి దూలాలు

ఎనభైల చివర్లో నన్ను భూపాలపల్లి పంపారు. బొగ్గు బావి కప్పుకు ఆనించే ఇనుప దూలాలు బరువుకు వంగి, మెలితిరిగి పైకి వచ్చేవి. ఒక కాంట్రాక్టరు వర్క్‌షాపులో వాటిని గుంతలో కాల్చి, సాపు చేసి, నీళ్లు కొట్టి, ఎర్ర రంగు వేసి మళ్లీ కిందికి పంపేవాళ్లు. ఆ పని ఎలా ఉందో చూసి చెప్పమన్నారు. అప్పటికి నేను పెద్దవాణ్ణయ్యాను. నేను కాదంటే పని ఆగే స్థాయికి వచ్చాను.

రంగు వేసిన దూలాలు బారుగా పేర్చి ఉన్నాయి. ఏది ఎన్నిసార్లు వంగిందని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"రంగేసినంక అన్ని ఒక్కటే సార్. తాడు గట్టి చూడుండ్రి, నూలంత తేడ ఉంటె అడుగుండ్రి."

ఈ ఇనుము మిల్లు గొట్టంలా వేడిలో సాగింది కాదు. ఒక్కసారి వంగినదాన్ని పద్ధతిగా కాల్చి సరిచేస్తే పనికిరావచ్చు. కానీ ఎర్రటి ఇనుము మీద నీళ్లు కొడితే అది పెళుసెక్కుతుంది, పైగా ఏది ఎన్నోసారి వంగిందో ఎవరికీ తెలియదు. రంగు గీకించాను. కొన్నిటికి బోల్టు రంధ్రాల దగ్గర వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. కొన్నిటికి ఏమీ కనిపించలేదు.

దూలాలు తీసుకుపోవడానికి బావి మనుషులు లారీలో వచ్చారు. వాళ్లలో ఒకడు నా దగ్గరికి వచ్చాడు.

"గుర్తువట్టినవా సారూ? భద్రు తమ్ముణ్ణి."

మిల్లు మూతపడ్డాక సోమ్లా ఇక్కడికి వచ్చాడట. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అతను దూలం మీద గీకిన చోటు చూశాడు, నన్ను చూశాడు.

"రేపు గివి మా నెత్తి మీద ఉంటయి. చెప్పు సారూ. ఉంటయా?"

"ఉండవు," అన్నాను.

సూపర్‌వైజర్ లబోదిబోమన్నాడు. సగం బాగానే ఉన్నాయి కదా సార్ అన్నాడు. ఏ సగమో చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. మానుకోటలో నేను కాదని నోటితో చెప్పి బస్సెక్కాను, గొట్టం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇక్కడ గ్యాస్ కట్టర్ తెప్పించి, ప్రతి దూలాన్నీ నా కళ్ల ముందే నడిమికి కోయించాను. సోమ్లా చివరిదాకా నిలబడి చూశాడు.

"రేపు కిందికి దేనితోని పోతం?" అన్నాడు.

"పోవద్దు."

"పోకపోతె హాజరు పడది, కూలి రాదు సారూ. మా అన్నకు సుత గిట్లనే ఎలిగియ్యక తప్పలే."

అతన్ని వెంటబెట్టుకుని మేనేజర్ గదికి పోయాను. కొత్త దూలాలు వచ్చేదాకా ఆ జట్టుకు పైన పని చూపించి హాజరు వెయ్యాలని అడిగాను. ఆయన విసుక్కున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రానికి ఒప్పుకున్నాడు. పనికిమాలిన వస్తువని చెప్పడంతో మన ఉద్యోగం అయిపోదు. దాని ముందు నిలబడే మనిషికి రేపు ఏం పనో కూడా అడిగి తేల్చి రావాలి. దీన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ఆ దూలాల్లో ఎన్ని నిలిచేవో ఎన్ని కూలేవో నాకు తెలియదు. కోశాక ఇక ఎవరికీ తెలియదు. మంచివి కూడా కోయించానని నా మీద ఫిర్యాదు పోయింది. నిజమే అయి ఉండొచ్చు. చచ్చిపోని మనిషిని చూపించి ఇది నా లెక్క వల్లే అని రుజువు చేయడం కుదరదు.

మర్నాడు నేను బస్సుకు పోతుంటే, సోమ్లా ఎండలో ఆ కోసిన ముక్కలే లారీకి ఎత్తుతున్నాడు. నన్ను చూసి, చేతిలో ఉన్న ముక్క కింద పెట్టాడు.

"మా వదినెకు చెప్త సారూ," అన్నాడు. "ఈపారి కోసిండ్రని."